పగిలినదే ఇవ్వు

బతుకులో నాకు నూటికి నూరొచ్చిన పరీక్ష ఒక్కటే,
పెద్దాసుపత్రిలో, కళ్ళ డాక్టరు దగ్గర.
సర్టిఫికెట్టు చేతిలో పెట్టి
"మడత పెట్టకు, జాగర్త" అన్నాడు గుమాస్తా.
పెట్టలేదు. పరుపు కింద పరిచి
దాని మీదే పడుకుంటున్నా.

పాత ఫోనుకి అయిదంకె మీద ఒక పొక్కుండేది,
ఆవగింజంత.
అదే నా నాజ్ సెంటరు.
అక్కడ వేలు నిలబెడితే
పైన రెండు, కింద ఎనిమిది,
ఏ వీధి ఎటు పోద్దో తెలిసేది.
తొమ్మిదేళ్ళు నొక్కీ నొక్కీ పొక్కు అరిగిపోయింది.
ఆ పొద్దు ఊళ్ళో తప్పిపోయాను,
మంచం మీద కూర్చునే.
నరసరావుపేటలో మా చెల్లి ఖాసింబీకి చేస్తే
ఎవరో మగమనిషి ఎత్తి
"ఎరువుల కొట్టమ్మా, ఎన్ని బస్తాలు?" అన్నాడు.

కలెక్టరాఫీసులో ఊరికే ఇస్తన్నారంటే పోయాను.
సోమవారం. అర్జీల వరస.
ముందు చంకకర్ర చప్పుడు, వెనక చక్రాల కుర్చీ కిర్రు,
పక్కన చేతులతో మాట్లాడుకునే ఆడపిల్లలు కాబోలు,
గాజులే వినపడ్డాయి.
"ఇంటరు పాసయ్యావా?"
లేదు.
"కాలేజీలో చదివే పిల్లలకమ్మా అవి."
నేను ఏం చదవాలన్నా ముందు అది ఉండాలి గదా సార్.
ఆయన నవ్వాడో, మొహం చిట్లించాడో.
అర్జీకి వేలిముద్ర వెయ్యమన్నారు.
మిషను పట్టలేదు.
తుడిచి మళ్ళీ పెట్టు. పట్టలేదు.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
పదమూడేళ్ళుగా మిరప తొడిమలు తుంచిన వేళ్ళు,
గీతలన్నీ కాయలకే ఇచ్చేశాయి.

రాహేలు నా చెయ్యి పట్టుకుని
లాలాపేట సందులోకి తీసుకుపోయింది.
రత్నకిషోరనే కుర్రాడి కొట్టు.
టంకం వాసన, అల్లం టీ వాసన.
"కొత్తవి ఎనిమిది వేల కాణ్ణించి మొదలు పిన్నీ."
మొదలు వద్దబ్బాయ్, చివర ఏముందో చూడు.
డబ్బా గలగలా కెలికాడు.
"ఒకటుంది. పద్నాలుగొందలు.
గాజు పగిలిందని ఎవరూ ముట్టట్లా."

అరచేతిలో పెట్టాడు.
నున్నటి పలక,
నీళ్ళ మీద వేలు పెట్టినట్టు
ఎక్కడా నిలబడే చోటు లేదు.
అప్పుడు తగిలింది.
పై మూల నించి ఏటవాలుగా దిగిన చీలిక,
సన్నగా, తల్లో పాపిడిలా.
అది ఆగిన చోట నొక్కితే
లోపలెవరో ఒకామె "ఫోన్" అంది.

"ఇంకో అయిదొందలిస్తే గాజు మారుస్తా పిన్నీ."
మార్చకు.
ఆ చీలిక చివరే మా చెల్లి ఉంది.

కాసేపు మాట్లాడలేదు కుర్రాడు.
నాలుగు శనివారాలు, మూడొందల యాభై లెక్కన.
తెర వెలుతురు మొత్తం ఆపేశాడు.
"నీకెందుకు, చార్జింగన్నా మిగులుద్ది."

లోపలామెకి తెలుగు అంతంత మాత్రం.
మస్తాన్, అని ఆగి, బీ, అంటది,
ఇద్దరు మనుషుల్ని పిలిచినట్టు.
ఆటోలో అందరి ముందూ
"మీ ఖాతాలో పదకొండు రూపాయలు" అని అరిచింది.
దిగేటప్పుడు డ్రైవరు డబ్బులు తీసుకోలా.
అందుకే ఆ రాత్రి నిద్రపట్టలా.
తెల్లారి రాహేలు చెవితీగలు తెచ్చిచ్చింది,
కొడుకువి, ఒక వైపే పలుకుద్ది.
ఒకటి చాలు.
రెండో చెవి రోడ్డుకి కావాలి.

స్టోరేజీలో ఇప్పుడు అడుగుతున్నారు,
పోలియో కాలు సుబ్బరత్తమ్మ,
చూపు మసకేసిన మేస్త్రి వాళ్ళమ్మ:
ఎక్కడ దొరికింది, ఎంతకని.
టంకం వాసన కాడ ఆగండి,
పగిలినదే అడగండి అంటన్నా.
అన్నీ ఒకే చోట పగలవు,
వేలు పెట్టి చూసుకోండి.

కలెక్టరాఫీసు నించి కబురేం రాలా.
వస్తే ఈమే చదివి పెడద్ది.

నిన్న చూపుడువేలు కోసుకుంది ఆ గాజుకి.
తెగిన చోట మిరప ఘాటు దిగి
ఒకటే మంట.
ఉండండి, మోగుతోంది.